గ్లైడర్‌లో ఇంజన్ వెతికారు

ఈ మధ్యాహ్నం సరిహద్దు దాటొచ్చిన ఇరాక్ సైనికులు జహ్రా ఊళ్లో నన్ను పనికి పెట్టుకున్న అరబ్బు యజమాని, మా కఫీల్ ఇంట్లోకి జొరబడ్డారు. షెడ్డులో ఆయన గ్లైడర్ చూసి, ఇంజన్ ఎక్కడ దాచావని ఇంటి డ్రైవర్‌నైన నా మీద పడ్డారు.

"దీనికి ఇంజనే ఉండదు సార్. వట్టి గాలికే ఎగుర్తాది," అన్నాను.

"ఇంజన్ లేని విమానమా? ఎవడికి చెప్తున్నావ్?" అంటూ వాళ్లలో ఒక మొద్దు దాని రెక్కలు చీల్చి మరీ వెతికాడు. దొరకనందుకు నా చెంప పగలగొట్టాడు.

ముత్లా కొండ దగ్గర మా కఫీల్ దీన్ని ఎగరేసేటప్పుడు చిన్న మోటారు విమానాలు ఎదురొస్తే, అవే పక్కకు తప్పుకుని ఈ గ్లైడర్‌కు దారి ఇచ్చేవి. ఇంజన్ ఉన్నవాడే తప్పుకోవాలని ఆకాశంలో రూలు.

ట్యాంకులేసుకుని వచ్చినవాళ్లకు ఆ రూలు చెప్పే దమ్ము మీలో ఎవరికైనా ఉందా? నాకు ఇంకో చెంపే మిగిలింది.