అవ్వకు తిరుపతి చూపించిన రోజు

యుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లో పిల్లనిచ్చేవాళ్ళు అబ్బాయిని చూడవస్తే జీతం అడిగేవాళ్ళు, గోత్రం అడిగేవాళ్ళు, ఆ తర్వాత ఏదో ఒక నెపంతో కొంతదూరం నడిపించి చూసేవాళ్ళు. కూర్చున్నప్పుడు దాచుకున్నవన్నీ నడిచేటప్పుడు బయటపడతాయని వాళ్ళ నమ్మకం కాబోలు. నా విషయంలో అది వమ్ము కాలేదు.

అప్పటికి నేను తిరుపతిలో ఒక బట్టల అంగడిలో గుమాస్తాగా చేరి కొన్నాళ్ళే అయింది. గది, అంగడి, భోజన హోటలు, నాకు తెలిసిన తిరుపతి అంతే. అయినా నగరి నుంచి సంబంధం వాళ్ళు వస్తున్నారనగానే, ఊరంతా నేనే చూపిస్తాను, ప్రతి సందూ తెలుసునని కబురు పంపాను. (నన్నెవరూ అడగలేదు. గొప్పలకు పోవడానికి నాకు ఒకరు అడగక్కర్లేదు.) పిల్ల తండ్రి, ఆయన తల్లి రైలు దిగారు. పెళ్ళి జరగడమా మానడమా అన్నది ఆ అవ్వ మాట మీదే ఉందని మధ్యవర్తి చెవిలో వేశాడు. పిల్లను అప్పటికే చూసి, ఆమె మీద మనసు పారేసుకున్న నేను పరుగున పోయి అవ్వ కోసం ఒక గొడుగు అడిగి తెచ్చాను.

గోవిందరాజస్వామి దర్శనం చేయించి, గుడి చుట్టూ ఉన్న మాడవీధుల్లోకి బయలుదేరదీశాను. ఎటు తిరగాలో తెలియక రోజూ అంగడికి పోయే వైపే తిరిగాను. ఈ మండపం ఫలానా రాజుదనీ, ఆ గోపురం ఫలానా రాణి మొక్కు అనీ నోటికొచ్చినట్టు చెప్పాను. చంద్రగిరి రాజులందరికీ ఆ పూట నేనే పని కల్పించాను. ఒక మలుపులో అవ్వ ఆగిపోయింది.

"అబ్బోడా, సామి మనకు యా చేతి పక్క ఉండాడు?"

"ఎడమ చేతి పక్క, అవ్వా."

"ఎవురు సచ్చినారని ఈ ఎదురు తిరుగుడు?"

"ఇది దగ్గర దారవ్వా."

"సామి సుట్టూ తిరిగేదానికి దగ్గర దారా! ఒరే, నీ మాపిళ్ళను సూసినావా?" అంది కొడుకుతో. (అల్లుణ్ణి వాళ్ళవైపు అలాగే అంటారు.)

"అమ్మా, రైలు పోతాదే," అన్నాడాయన.

"పోనీ. తప్పు సుట్టిన నూలు ఇప్పాల్సిందే. వచ్చిన దారినే ఎనక్కి పోయి, మళ్ళా సక్కగా తిరుగుదాం." మగ్గం ఇంటి మనిషి మరి.

మిట్టమధ్యాహ్నం, ఉత్త కాళ్ళు. అవ్వ నాలుగడుగులు వేసి ఆగేది. నేనూ ఆగి గొడుగు పట్టేవాణ్ణి. రాజుల ఊసెత్తలేదు. గోపురం కిందికి చేరాక అవ్వ మెట్టు మీద కూలబడి, "కోదండరాముడి గుడి యాడప్పా?" అంది.

ఇంకే అబద్ధమూ తోచలేదు. "తెలీదవ్వా," అన్నాను.

అవ్వ దగ్గొచ్చేదాకా నవ్వింది. "ఇంతసేపటికి ఒక నిజం సెప్పినాడు!"

మర్నాడు రైలెక్కుతూ నా ఎదుటే కొడుక్కి తీర్పు చెప్పింది: "దారి తెలీదు. తెలీదని సెప్పేదానికి ఊరంతా తిప్పినాడు. అయితే నేను నిలబడితే నిలబడినాడు, వదిలేసి ముందుకు పోలేదు. పిల్లనిచ్చెయ్ రా."

అవ్వ పోయి చాలా కాలమైంది. మా ఇంటావిడతో వీధిలోకి వెళ్తే ఈ వయసులోనూ నాదే ముందు నడక. ఎక్కడో గుర్తొచ్చి వెనక్కి తిరిగి చూస్తే, ఆమె దూరంగా, చేతిలో సంచీతో వస్తూ ఉంటుంది. ఆగుతాను. దగ్గరికొచ్చి, "మా అవ్వ మిమ్మల్ని ఒక్క పూటే కదా సూసింది," అంటుంది. నవ్వుతూనే అంటుంది, పాపం.