చేతి అద్దంలో కనిపించిన వేళ్ళు

ఆ వీధిలో ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరుతో పిలిచేవాళ్ళెవరూ మిగల్లేదు. అందరికీ ఆయన డిక్షనరీ. రెండు కుర్చీల సెలూన్‌కు యజమాని. మొదటి కుర్చీ ఆయనది, మూల అరను ఆనుకుని ఉన్న రెండో కుర్చీ ఆయన బావమరిదిది. బావమరిదికి నలభై అయిదేళ్ళు, బట్టతల, ఎడమచేతివాటం. చదువు ఆరో తరగతి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

డిక్షనరీ అన్న బిరుదు కత్తి పనితనానికి వచ్చింది కాదు. దినపత్రికలో రోజూ వచ్చే గళ్ళనుడికట్టును సాయంత్రం ఆరింటిలోగా ఒక్క గడి మిగలకుండా పూర్తి చేస్తున్నందుకు వచ్చింది. పొద్దున షాపు తెరవగానే ఆ పేజీని విడదీసి మూల అర మీద పరిచేవాడు, పక్కన నీలం పెన్ను పెట్టేవాడు. ఒక తలకూ ఇంకో తలకూ మధ్య ఒక ఆధారం చొప్పున విప్పుకుంటూ పోవడం ఆయన పద్ధతి. కత్తి గొంతు మీద ఉండగా "అడ్డం పద్నాలుగు, మూడక్షరాలు" అని ఆయన గొణుక్కుంటుంటే కొత్తగా వచ్చినవాళ్ళు కుర్చీలో బిగుసుకుపోయేవారు. పాతవాళ్ళు మాత్రం "లంగరేమో చూడు" అంటూ కళ్ళు మూసుకునే సలహా ఇచ్చేవారు. సలహాలు ఆయనకు గిట్టవు. ఆరింటికి బెంచీ మీద చేరే నలుగురూ ఆ పేజీని చేతులు మార్చుకుంటూ చూసి తల ఊపితే చాలు, ఆయనకు రోజు గడిచినట్టే.

అలాంటి పేజీలో దొంగ పడ్డాడు.

మొదటిరోజు ఆయన తననే అనుమానించుకున్నాడు. నిలువు తొమ్మిది, 'గుర్రాలను కట్టే చోటు', మూడక్షరాలు. మధ్యాహ్నం దాకా తేలలేదు. భోజనం చేసి వచ్చి చూస్తే గళ్ళలో 'మందుర' అని ఉంది. సిరా తన పెన్నుదే, అక్షరాలు అచ్చం తనవే. భోజనానికి వెళ్ళేముందు పరధ్యానంలో రాశానేమో అని సరిపెట్టుకున్నాడు. మర్నాడు మరో రెండు పదాలు. ఆ తర్వాత రోజుకు రెండో మూడో, అన్నీ తనకు అందని పదాలే. బెంచీ మీదివాళ్ళు మాత్రం యథాప్రకారం తలలు ఊపుతూనే ఉన్నారు. ఆ ఊపు ఒక్కొక్కటీ ఆయనకు చెంపదెబ్బలా తగిలేది. అడిగితే బిరుదు పోతుంది, అడక్కపోతే ప్రాణం పోయేట్టుంది.

అప్పట్నుంచి వచ్చినవాడల్లా ఆయనకు అనుమానితుడే. పాలవాడి జేబులో నీలం మరక కనిపిస్తే నేరం సగం రుజువైనట్టు చూసేవాడు. ఇంట్లో భార్య "ఏంటలా చూస్తున్నారు?" అంటే "నీకు మందుర అంటే ఏంటో తెలుసా?" అని అడిగాడు. "తెలీదు, తెలుసుకునే తీరికా లేదు. ముందు కంచంలోకి చూడండి" అందామె. ఆమెను నిర్దోషిగా వదిలేశాడు.

తొమ్మిదో రోజున సాక్ష్యం దొరికింది. ఒకాయనకు జుట్టు కత్తిరించి, మెడ వెనక ఎలా వచ్చిందో చూపించడానికి అరచేతంత అద్దం పట్టుకున్నాడు. అద్దం కాస్త ఒరిగింది. ఎదురుగా గోడమీది పెద్దద్దంలో కనిపిస్తున్న ఆ చేతి అద్దంలో, మూల అర మీద పెన్నుతో రాస్తున్న వేళ్ళు కనిపించాయి. మనిషి లేడు, మొహం లేదు, వేళ్ళే. బొటనవేలు ఉన్న వైపును బట్టి అది ఎడమచెయ్యి. ఆయన గిరుక్కున తిరిగేసరికి వేళ్ళు మాయం. అర దగ్గర బావమరిది గుడ్డ దులుపుతున్నాడు, వాడి పక్కనే గడ్డం చేయించుకోడానికి వచ్చిన గుమాస్తాగారు కళ్ళజోడు వెతుక్కుంటున్నారు.

డిక్షనరీ బుర్ర చకచకా పనిచేసింది. అద్దంలో ఎడమచెయ్యి కనిపిస్తే అసలు మనిషిది కుడిచెయ్యి. అద్దాల మధ్య బతికినవాడికి ఇది ఎవరైనా చెప్పాలా? అంటే ఎడమచేతివాటం బావమరిది లెక్కలోంచి పోయాడు. మిగిలింది గుమాస్తాగారు. ఇరవై ఏళ్ళుగా రోజు విడిచి రోజు ఇదే కుర్చీలో గడ్డం చేయించుకుంటున్న స్నేహితుడు. పైగా కోర్టులో జీవితమంతా నకళ్ళు రాసి రిటైరైన మనిషి. ఒకరి దస్తూరీని దించడం ఆయనకు మంచినీళ్ళ ప్రాయం.

రెండు రోజులకు గుమాస్తాగారి కుడి బుగ్గ నున్నగా గీశాక, ఎడమ బుగ్గ మీద నురగ ఉండగా, డిక్షనరీ కత్తి ఆపాడు.

"గుమాస్తాగారూ, ఒకరి గళ్ళలో వేలు పెట్టడం పెద్దమనిషి తరహాయేనా?"

"ఏ గళ్ళయ్యా?"

"తెలీనట్టు అడక్కండి. నా కళ్ళతో చూశాను."

గుమాస్తాగారు అద్దంలోనే ఆయన కళ్ళలోకి చూశారు. "ఇరవై ఏళ్ళు నీ కత్తికి గొంతు అప్పగించాను. నువ్వు నాకు ఒక పెన్ను అప్పగించలేకపోయావు" అన్నారు. లేచి, తన రుమాలుతో నురగ తుడుచుకుని వెళ్ళిపోయారు.

వెళ్ళినవారు ఇంకో సెలూన్‌కు పోలేదు, ఇంట్లోనూ గీసుకోలేదు. రోజూ వీధికి ఎదుటి పక్కన, ఎడమ బుగ్గ షాపు వైపు ఉండేలా, తాపీగా నడిచి వెళ్ళేవారు. ఒక బుగ్గన పొట్టి గడ్డం, ఇంకో బుగ్గన పొడుగు గడ్డం. వీధి వీధంతా ఆ మొహాన్ని అభియోగపత్రంలా చదువుకుంది. "ఏం డిక్షనరీ, పని సగంలో ఆపేశావట?" అని బెంచీ మీదివాళ్ళు అడగడం మొదలుపెట్టారు. అయిదో రోజుకు బెంచీ మీద ఇద్దరే మిగిలారు. గళ్ళు మాత్రం నిండుతూనే ఉన్నాయి. గుమాస్తాగారు గడప తొక్కకుండానే!

ఏడో రోజున కుర్చీలో దర్జీ ఉన్నాడు. డిక్షనరీ చేతి అద్దం పట్టాడు.

"ఎడమ చెవి వెనక కొంచెం ఎత్తుగా ఉందన్నా" అన్నాడు దర్జీ.

కత్తెర సూటిగా ఎడమ చెవి దగ్గరికే వెళ్ళింది. వెళ్ళి ఆగిపోయింది.

"నువ్వు అద్దంలో చూసే చెప్పావా?"

"లేకపోతే వీపున కళ్ళున్నాయా నాకు?"

చేతి అద్దం తిప్పిందాన్ని పెద్దద్దం మళ్ళీ తిప్పుతుంది. రెండు అబద్ధాలు కలిసి నిజం చెబుతాయి. అందులో ఎడమ ఎడమే. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయన చేతులకు తెలిసిన సంగతి ఆయన తలకు ఇప్పుడే తెలిసింది.

దర్జీ వెళ్ళాక బావమరిది వైపు తిరిగాడు. "ఒరేయ్, మందుర అంటే ఏంటి?"

"గుర్రాల సాల, బావా" అన్నాడు వాడు తడుముకోకుండా. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"ఆరో తరగతి వెలగబెట్టినవాడివి, నీకెలా తెలుసురా?"

బావమరిది కత్తి మీది నురగ తుడిచే కాగితం ముక్కల కట్ట చూపించాడు. పాత పత్రికలను అరచేతంత ముక్కలుగా కోసేది వాడే. "నిన్నటి జవాబులు వీటిలోనే వస్తాయి బావా. నురగ పడేలోపు ఒకసారి చదువుతాను. పదిహేనేళ్ళ బట్టీ. వేసిన మాటలే తిప్పి తిప్పి వేస్తారు వాళ్ళు."

"నా గళ్ళెందుకు నింపావు?"

"నీ రాత రోజూ చూసి చూసి నా చేతికీ వచ్చేసింది. ఈ మధ్య నీకు రెండు మూడు మిగిలిపోతున్నాయి. మిగిలితే నీ మొహం మాడుతుంది. ఆ మొహంతో కత్తి పడితే గిరాకీల ప్రాణానికి ఎవరు పూచీ? అక్క కూడా నన్నే అంటుంది."

"మరి గుమాస్తాగారిని నిలదీస్తుంటే నోరు మూసుకున్నావేం?"

"నీ చేతిలో కత్తి ఉంది బావా."

డిక్షనరీ అర మీది గళ్ళ పేజీ వంక చూశాడు. తాను నింపినవి కూడా తేలికవని వీడు వదిలిపెట్టినవేమోనన్న కొత్త అనుమానం ఒకటి తల ఎత్తింది. దాన్ని నొక్కిపట్టి, కత్తి, బ్రష్, నురగ గిన్నె, చేతి అద్దం సంచీలో వేసుకుని వీధి దాటాడు.

గుమాస్తాగారు వరండాలో కూర్చుని ఉన్నారు. డిక్షనరీ చెప్పిందంతా తీర్పు వింటున్నవాడిలా విన్నారు.

"ఆ గళ్ళ పేజీ వంక నేనెప్పుడూ చూడనైనా లేదు" అన్నారు చివరికి. "నీ పక్కన కూర్చోడానికే వచ్చేవాణ్ణి. ఇప్పుడు మళ్ళీ ఏ అద్దంలో ఏం చూస్తావో?"

డిక్షనరీ బ్రష్ తడిపాడు. గుమాస్తాగారు ఆ బ్రష్‌నే అనుమానంగా చూసి, నెమ్మదిగా గడ్డం పైకెత్తారు. ఎడమ బుగ్గ ముందు.

రెండూ అయ్యాక అడిగారు, "సమానంగా వచ్చాయంటావా? ఏదీ, నీ అద్దం ఇలా ఇవ్వు."

"అద్దం మాట నేనిక చచ్చినా నమ్మను" అన్నాడు డిక్షనరీ సంచీ మూసేస్తూ. "తడిమి చూసుకోండి."