ఫ్లాస్కు వైపు వంగిన ముల్లు

మా హైస్కూలుకు ఎలక్ట్రానిక్ కాటా రాకుండా ఆపిన ఘనత నాది. సైన్సు సారునూ నేనే, బేరగాణ్ణీ నేనే. మక్తల్ బజారులో కిరాణా గల్లా పక్కన పెరిగినవాడికి చెప్పిన ధర ఇవ్వడమంటే తలవంపులు. "గంత పైసలెందుకు మేడం, జర ఆగుండ్రి" అని హెడ్‌మిస్ట్రెస్‌ను ఆపి, పాత సామాన్ల దుకాణంలో ఒక తక్కెడ బేరమాడి తెచ్చాను. బడికి ఎనిమిది వందలు మిగిలాయి. చిన్న తూకపు రాళ్లు లేవు. వాటి బదులు కందిగింజలు వాడమన్నాను.

పదో తరగతిలో ఒక గొర్రెల కాపరి కూతురుండేది. చురుకైన పిల్ల. జిల్లా సైన్సు పోటీలో గెలిస్తే ఇంటర్లో సైన్సు చదివిస్తాననీ, లేకుంటే ఆ చదువు వద్దనీ వాళ్ల బాపు తేల్చి చెప్పాడు. ఆమె ప్రయోగం చిన్నదే. మూత బిగించిన ఫ్లాస్కులో రెండు ద్రావణాలు విడివిడిగా ఉంటాయి. వంచితే కలిసి పసుపు రంగుకు తిరుగుతాయి, బరువు మాత్రం మారదు. తూచడం నేనే నేర్పాను, మా నాయిన నాకు నేర్పినట్టే.

పోటీలో ఆమె ఫ్లాస్కు తూచింది. ముల్లు సమంగా నిలవగానే రాళ్ల పళ్లెంలోంచి రెండు గింజలు తీసేసి, మిగిలినదే బరువని రాసుకుంది. ద్రావణాలు కలిపి, ముల్లు మళ్లీ సమం చేసి, ఈసారి ఐదు తీసింది.

"బరువు మారిపాయె గదమ్మా! గా గింజలెందుకు తీసినవ్?" అన్నాడు జడ్జి.

"ముల్లు సరుకు దిక్కు వంగాలె సార్. లేకుంటే గిరాకి మళ్ల రాదని మా సార్ చెప్పిండు."

"ఈడ గిరాకి ఎవరు?"

"మీరే గద సార్!"

హాలంతా నవ్వింది. జడ్జి కూడా నవ్వి, ముల్లు సమంగా నిలిపి మొదటి నుంచీ చెయ్యమన్నాడు. ద్రావణాలు ఒక్క జతే తెచ్చాం. రెండోది దుబారా అన్నవాణ్ణి నేనే. పిల్ల నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను. బహుమతి వేరే బడికి పోయింది.

మర్నాడు పొద్దున్నే వాళ్ల గొర్రెల దొడ్డికి వెళ్లాను.

"అన్నా, తప్పు బిడ్డది కాదు, నాది. సైన్సు చదువుకోనియ్యి."

"తప్పు నీదైతే దండుగ గూడ నీదే గద సారూ! పుస్తకాలు నీయి. బస్సు పాసు నీది. ఐతారం ఐతారం లెక్కలు, సైన్సు నువ్వే చెప్పాలె."

"ఐతారం ఒక పూట…"

"రెండు పూటలు."

అతడు ఒక గొర్రె నోరు తెరిచి పళ్లు చూస్తున్నాడు, నా మొహం చూడనేలేదు. సంతలో పొట్టేళ్లు అమ్మే మనిషి ముందు ఉప్పూ పప్పూ అమ్మినవాడి బేరం ఎంతసేపు నిలుస్తుంది? ఒప్పుకున్నాను.

ఆమె ఇంటర్ పాసైంది. ఇక నా లెక్క. బడికి మిగిల్చింది ఎనిమిది వందలు. పుస్తకాలకూ పాసుకూ నా జేబులోంచి పోయింది ఆరు వేల పైచిలుకు. రెండేళ్ల ఆదివారాలకు మా ఇంటావిడ వేరే లెక్క కట్టింది. రెండుసార్లు సరిచూశాను, అందులో తప్పు దొరకలేదు.