సమ్మక్క టేపు

చంద్రపూర్ బాబుపేటలో జాకెట్లు కుట్టే సమ్మక్క పనిలో ఉన్నప్పుడు మాట్లాడదు. గుండుసూదులు పెదాల మధ్య బిగపట్టి, భుజం పట్టుకుని మనిషిని తనకు కావలసిన వైపు తిప్పుకుంటుంది. కొలతకు పాత జాకెట్టు తెస్తే పక్కన పడేస్తుంది; ప్రతిసారీ ఒంటి మీదే టేపు పెట్టాలి. ఆ రోజు బ్యాంకులో పనిచేసే సౌజన్య వచ్చి, అవే జాకెట్లను మూడోసారి ఇరుకు చేయమంది. సమ్మక్క విసుగ్గా సూదులు తీసి పెట్టింది.

"మొన్ననే ఇరుకు చేస్తి గదనే! తింటున్నవా, లేదా?"

"ఆకలే అయితలేదక్కా. జిమ్ముల కసరత్తు నేర్పే దాదా గోలీలిచ్చిండు. రెండు నెలలల్ల పదమూడు కిలోలు తగ్గిన!"

"డాక్టర్ రాసిండా?"

"డాక్టరెందుకక్కా? అందరు ఏసుకుంటుండ్రు."

సమ్మక్క సౌజన్య ఛాతీ చుట్టూ టేపు బిగించింది. వేళ్ల కింద టేపు అదురుతోంది. తన చెయ్యే వణికిందనుకుని మళ్లీ పట్టింది. కదలకుండా నిలబడిన మనిషి గుండె, పరుగెత్తి వచ్చినట్టు కొట్టుకుంటోంది.

"ఉరికొచ్చినవా?"

"లేదు, ఆటోల వచ్చిన. రోజూ గిట్లనే కొట్టుకుంటది. నిద్ర గూడ పడ్తలేదు. అలవాటైతదన్నడు."

"వానికేం, అంటడు! ఆ గోలీలు పట్టుకో. దవాఖానకు నడువు."

"బంద్ చెయ్యమంటరక్కా. మళ్ల లావైత."

"లావైతే పెద్ద జాకెట్టు కుడ్త. గుండెకు అతుకేసుడు నాకు రాదు, పిల్లా!"

సమ్మక్క మిషన్ మీద సగం కుట్టిన జాకెట్టు చేతిని అలాగే వదిలేసి, చెప్పులు వేసుకుంది.