ఖాలమ్మ బొంతలో పచ్చ ముక్కలు

నా చిన్నప్పుడు మా ఇంటి బట్ట ఒకటి పక్కింటి ఖాలమ్మ బొంతలో పోలీసులకు దొరికింది. అది మాదేనని నేను చెప్పలేదు. చెప్పవలసిన ఆ ఒక్క మాట నా నోటి నుంచి రాకపోవడం వల్ల ఆమె భర్త దర్జీ చిచ్చా పోలీసు జీపెక్కాడు. అన్నలకు, అంటే నక్సలైట్లకు, యూనిఫారాలు కుట్టాడన్న పేరు ఆయన బతికున్నన్నాళ్ళూ ఆయనను వదల్లేదు, పోయాక కూడా వదల్లేదు. నేను ఇది రాస్తున్నానని తెలిసి మా అన్నయ్య ఫోన్ చేశాడు. "పోయినోళ్ళ పరువు ఇప్పుడు బజార్ల పెడ్తవారా?" అన్నాడు. పోయినవాళ్ళలో దర్జీ చిచ్చా కూడా ఉన్నాడు. ఆయనకూ పరువు ఉంది. అందుకే రాస్తున్నాను. మా వాళ్ళలో ఎవరికి కోపం వచ్చినా సరే.

మా ఊరు కోరుట్ల నుంచి కథలాపూర్ వెళ్ళే దారిలో ఉంటుంది. మాది ఒకప్పటి దొరల ఇల్లు. నాకు ఊహ తెలిసేనాటికి దొరతనం పోయి భయం మాత్రమే మిగిలింది. పగలు పోలీసులు వచ్చి అన్నల గురించి అడిగేవారు. పొద్దుగూకాక అన్నలు వచ్చి పోలీసుల గురించి అడిగేవారు. మా తాత ఇద్దరికీ ఒకేలా నమస్కారం పెట్టేవాడు. మా ప్రహరీగోడకు అవతల ఖాలమ్మ వాళ్ళ ఇల్లు. ముందు గదిలో చిచ్చా మిషను కుట్టేవాడు. వెనక వాకిట్లో, బీరపాదు పందిరి నీడన చాప పరచుకుని, ఖాలమ్మ బొంతలు కుట్టేది. నేను బడి వదిలాక మా ఇంట్లోకి వెళ్ళకుండా గోడ దూకి ఆ చాప మీదికే చేరేవాణ్ణి.

బొంత అంటే పాత చీరలు, ధోవతులు ఒకదానిమీద ఒకటి పరిచి కుట్టుకునే దుప్పటి. చలికాలం వచ్చేలోపు మా ఊళ్ళో ఆడవాళ్ళందరూ పాత బట్టల మూటలు తెచ్చి ఖాలమ్మకు ఇచ్చేవారు. మూట విప్పగానే ఆమె బట్టలన్నిటినీ వేడినీళ్ళలో నానబెట్టి గంజి పూర్తిగా వదిలేదాకా ఉతికేది. గంజి ఉన్న బట్టను ఎలుకలు కొరుకుతాయి. కొత్త బట్ట ముక్క ఏదైనా వస్తే దాన్ని మళ్ళీ మళ్ళీ తడిపి ఆరేసేది. ముందే ముడుచుకోకపోతే అది తర్వాత ముడుచుకుని పక్కనున్న పాత బట్టను చింపుతుంది. పల్చబడిన చీరలు లోపలికి, గట్టివి పైకి. దారం కొనేది కాదు. సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసే ఆమె తమ్ముడు, మగ్గాల దగ్గర మిగిలిపోయిన దారం ఉండలు తెచ్చేవాడు. ఆ పోగులను కలిపి తొడ మీద పేని, మిగిలిపోయిన కొవ్వొత్తి ముక్కతో రుద్దేది. అప్పుడది చిక్కుపడదు, బట్టను కోయదు.

ఆమె ఇంట్లో పారేసేది అంటూ ఏదీ ఉండేది కాదు. గుండీలు ఊడదీసి గాజుసీసాలో వేసేది. జేబుల లోపలి గుడ్డతో పోపుదినుసుల సంచులు కుట్టేది. ఎందుకూ పనికిరాని సన్నని పేలికలను బీరతీగ పందిరికి కట్టడానికి దాచేది. సుతిలి తాడుతో కడితే లేత తీగ కోసుకుపోతుంది, గుడ్డతో కడితే ఏమీ కాదు. బియ్యం కడిగిన నీళ్ళన్నీ ఆ పాదులోకే పోయేవి. ఆ బీరకాయల రుచి మా తోట కాయలకు ఎప్పుడూ రాలేదు.

ఆ ఏడు అన్నలు మా ఇంటికి వచ్చి తాత షికారు తుపాకీ పట్టుకుపోయారు. మరునాటి నుంచి పోలీసులకు అనుమానం. వాళ్ళు గుంజుకున్నారా, ఈయనే ఇచ్చాడా అని. తాతకు షికారుకు వేసుకునే ముదురు ఆకుపచ్చ ప్యాంటు ఒకటి ఉండేది. మిలిటరీ పాత బట్టలు అమ్మే దుకాణంలో హైదరాబాదులో కొన్నాడు. అన్నల యూనిఫారం కూడా ఆ రంగే. ఇంట్లో అది కనబడితే కొంప మునుగుతుందని తాత దాన్ని నాకిచ్చి పొయ్యిలో పెట్టమన్నాడు.

నేను పొయ్యిలో పెట్టలేదు. గట్టి బట్ట తెస్తే నాకే సొంతంగా ఒక చిన్న బొంత కుట్టి ఇస్తానని ఖాలమ్మ అంతకుముందే మాట ఇచ్చింది. మా ఇంట్లో అన్నయ్య కప్పుకుని వదిలేసినవే నాకు వచ్చేవి. ప్యాంటును చొక్కాలో కుక్కుకుని గోడ దూకాను. అమ్మ ఇచ్చిందని అబద్ధం చెప్పాను. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి చూసింది.

"మోకాళ్ళు పోయినయ్ గని తొడలు ఇనుము లెక్క ఉన్నయ్. ఈ రంగు..." అని ఆగింది. తర్వాత తనే, "బట్టకు గట్టితనం చూడాలె గని రంగేంది బేటా" అంది. ప్యాంటు కుట్లు విప్పి, మంచి భాగాన్ని చదరపు ముక్కలుగా కత్తిరించి, పాత చీరల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి పెట్టి చిన్న బొంత కుట్టింది. నడుము పట్టీ పేలికలుగా చింపి బీరతీగకు కట్టింది.

పోలీసులకు మొదట కనబడింది ఆ పేలికే. ఒక పగటిపూట జీపులో వచ్చి ఇల్లిల్లూ వెతుకుతుంటే, పందిరి మీద ఆకుపచ్చ గుడ్డ ఒకరి కంట పడింది. వాకిట్లోకి వస్తే దండెం మీద బొంత. ఊరి పెద్ద అని తాతను కూడా అక్కడికి పిలిపించారు. నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. బొంత చూడగానే తాతకు అర్థమైంది. ఆయన చెయ్యి నా భుజం మీద పడింది. పడిన చెయ్యి బిగిసింది.

"ఎంతమందికి కుట్టినవ్ రా యూనిఫారాలు?" అని వాళ్ళ అధికారి చిచ్చాను అడిగాడు.

"సార్, నేను లాగులు, జాకెట్లు కుట్టెటోన్ని. గిది బొంత సార్. కప్పుకునేది" అన్నాడు చిచ్చా. భయం వేస్తే ఆయనకు ఎప్పుడూ మాటలు సరిగా వచ్చేవి కావు.

ఖాలమ్మ ముందుకొచ్చింది. "యూనిఫారం కుట్టెటోడు మిగిలిన ముక్కలు తెచ్చి గిట్ల దండెం మీద ఆరేస్తడా సార్? మాకు గంత తెలివి లేదా?" అంది. ఒక కానిస్టేబుల్ నవ్వబోయి, అధికారి చూపు చూసి ఆపుకున్నాడు.

"మరి గుడ్డ ఏడికెళ్ళి వచ్చింది?"

ఆమె నా వైపు చూసింది. ఒక్కసారే. ఆ చూపులో నేరం మోపడం లేదు, బతిమాలడం లేదు. నేను చెబుతానేమోనని చూసింది, అంతే. తాత వేళ్ళు నా ఎముకకు తగులుతున్నాయి. నేను నేల చూశాను.

"ఇంట్లదే సార్. పాతది. యాదికి లేదు" అంది ఖాలమ్మ.

ఆ బట్ట మా ఇంటిదని ఆమె ఎందుకు చెప్పలేదో నాకు ఇప్పటికీ తెలియదు. చెప్పినా దొర మాట ముందు తన మాట నిలవదని అనుకుందో, పిల్లవాణ్ణి ఠాణాకు ఈడ్చడం ఇష్టం లేకపోయిందో. చిచ్చా కత్తెరతోనే బొంతలోని పచ్చ ముక్కలన్నీ కత్తిరించి సాక్ష్యమని మూటగట్టారు. చిచ్చాను జీపెక్కించారు. తాత నా భుజం వదలకుండానే ఇంటికి తీసుకొచ్చి, "నువ్వు ఏం జూడలే" అన్నాడు.

కొన్నాళ్ళకు చిచ్చా తిరిగొచ్చాడు. కేసు ఏమీ లేదన్నారు. కానీ కుడిచేతి బొటనవేలు మళ్ళీ వంగలేదు. కత్తెర పట్టడం ఆయన వల్ల కాలేదు. అప్పటినుంచి ఖాలమ్మ కత్తిరించి ఇచ్చేది, ఆయన మిషను తొక్కేవాడు.

ఆయన వచ్చిన కొద్ది రోజులకు గోడ అవతలి నుంచి పిలుపు వినబడింది. "ఓ చిన్న దొరా! జర ఇటు రా. సూదిల దారం ఎక్కియ్యాలె, నా కండ్లు కనవడ్తలేవు." ఆమె కళ్ళకు ఏమీ కాలేదు, చీకట్లోనైనా సూదిలో దారం ఎక్కించగలదు. తిడుతుందనుకుంటూ వెళ్ళాను. చాప మీద ఆ బొంత పరిచి ఉంది, పచ్చ ముక్కలు ఉన్నచోటల్లా కిటికీల్లా బొక్కలు. నన్ను కూర్చోబెట్టి సూది చేతికిచ్చింది.

అతుకు వేయడం నాకు ఆ రోజు నేర్పింది. బొక్క కంటే ముక్క పెద్దగా కత్తిరించాలి. అంచు లోపలికి మడవాలి. కుట్టు చినిగిన చోట వేయకూడదు. నేను అదే చేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. "చినిగిన అంచుకు కుడ్తే రేపు మల్ల చినుగుతది. ఇంకింత అవతలికి పో, గట్టి బట్ట దాకా పో, ఆడ కుట్టు" అంది. దారాన్ని మరీ బిగించి లాగితే బట్ట ముడతలు పడుతుంది, వదులుగా వదిలేస్తే కప్పుకున్నప్పుడు కాలివేలు ఇరుక్కుంటుంది. నా వేలికి సూది గుచ్చుకున్నప్పుడల్లా నోట్లో పెట్టుకుని మళ్ళీ కుట్టమనేది.

అతుకుల కోసం ఆమె తీసిపెట్టిన ముక్కలు చూసి చేతిలో సూది పక్కన పెట్టేశాను. అన్నీ ఎర్రవే. ఎవరిదో పెళ్ళినాటి రవిక, జెండా ఎరుపు.

"ఎర్రది వద్దు ఖాలమ్మా. మల్ల అస్తరు."

"రానియ్యి. పచ్చది వద్దన్నరు, తీస్కపోయిండ్రు. ఎర్రది వద్దంటరు. రేపు నల్లది గూడ వద్దంటరు. రంగులన్ని వాళ్ళే తీస్కపోతే మనం ఏం కప్పుకోవాలె?" అంది. తలెత్తకుండానే, "ఆ దినం భయమైందా?" అని అడిగింది.

"అయింది" అన్నాను.

"నాకు గూడ అయింది. అయితే అయింది. కుట్టు."

అంతే. ఆ ప్యాంటు గురించి ఆమె అంతకుమించి ఒక్క మాట అనలేదు. బొంత పూర్తయ్యాక దాన్ని వెనక వాకిట్లో కాకుండా వీధి వైపు గోడ మీద, ఎర్ర అతుకులు బయటికి కనిపించేలా ఆరేసింది. తీసెయ్యమని తాత జీతగాడితో చెప్పి పంపాడు. "దొరకు సలి పెడ్తే చెప్పుమను, ఇంకోటి కుట్టిస్త" అని ఆమె తిప్పి పంపింది. ఒక మధ్యాహ్నం జీపు ఆ గోడ ముందు ఆగింది. ఖాలమ్మ గడపలో నిలబడి చేతులు కట్టుకుంది. జీపు కొంచెంసేపు ఆగి వెళ్ళిపోయింది. ఆమె లోపలికి పోయి బియ్యం కడిగింది. ఆ నీళ్ళు తెచ్చి పాదులో పోసింది.

నేను కుట్టు నేర్చుకున్నాను. నా పిల్లల బడిసంచులు, ఇంటి పరదాలు ఈనాటికీ నేనే అతుకుతాను. కానీ ఆ గడపలో నిలబడడం నాకు రాలేదు. ఊళ్ళో చిచ్చాకు 'అన్నల దర్జీ' అన్న పేరు నిలిచిపోయింది. కొందరు ఆ భయంతో ఆయనకు బట్టలివ్వడం మానేశారు. రచ్చ దగ్గర ఆ మాట వస్తే మా తాత, "నాకు ముందుగాల్నే అనుమానం ఉండె" అనేవాడు. నేను విన్నాను, ఊరుకున్నాను. అంతకంటే అన్యాయం ఇంకొకటి చేశాను. జగిత్యాలలో కాలేజీ చదివేటప్పుడు, మా పక్కింటి దర్జీ దళానికి యూనిఫారాలు కుట్టేవాడని గొప్పగా కథ చెప్పి స్నేహితుల చేత నోళ్ళు తెరిపించాను. అది అబద్ధమని ఆ గదిలో నా ఒక్కడికే తెలుసు. పని దొరక్క ఖాలమ్మ వాళ్ళు ఊరు విడిచి సిరిసిల్లలో ఆమె తమ్ముడి దగ్గరికి చేరారు. చిచ్చా అక్కడే పోయాడు.

ఈ మధ్య ఒక పెళ్ళిలో ఎవరో ఆ కథే మళ్ళీ చెప్పి నవ్వారు. ఈసారి విస్తరి వదిలేసి లేచాను. మరునాడు సిరిసిల్ల వెళ్ళాను. ఖాలమ్మ బాగా ముసలిదైపోయింది. మగ్గం పేలికలతో కాళ్ళు తుడుచుకునే పట్టాలు అల్లుతోంది. పక్కన ఆమె మనవడు ఉన్నాడు, పెద్దవాడు, లూమ్ కార్ఖానాలో పని. ఆ ప్యాంటు మాదేనని, ఆ రోజు చెప్పలేదని, తప్పయిందని అన్నాను.

ఆమె చేతులు ఆపలేదు. "నాకు తెల్వదా బేటా? తెచ్చిందే నువ్వాయె. తెలిసినదానికి చెప్పనీకి గింత దూరం అచ్చినవా?" అంది. మనవడు అల్లిక వంకా నా వంకా మార్చి మార్చి చూస్తున్నాడు. వాడికి తెలియదు. తన తాత అన్నలకు కుట్టాడనే విని పెరిగాడు. "తెల్వనోళ్ళు ఊర్లె ఉన్నరు. ఆడ చెప్పు. వీన్ని గూడ తీస్కపో, వీడు నీ నోటెంట ఇనాలె" అంది ఖాలమ్మ.

ఆ మాట దాటవేయడానికి నాకు ఎన్నో సాకులు తట్టాయి. ఒక్కటీ చెప్పలేదు. ఆ అబ్బాయిని బండి మీద ఎక్కించుకుని మా ఊరు వచ్చాను. బస్టాండు దగ్గరి హోటల్లో మా తరం వాళ్ళు, పెద్దవాళ్ళు చాయ్ తాగుతున్నారు. నేను లేచి నిలబడితే, "ఏంది దొరా, ఓట్లకు నిలబడ్తున్నవా?" అని ఒకాయన అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వు ఆగేదాకా నిలబడ్డాను.

అప్పుడు చెప్పాను. తుపాకీ, ప్యాంటు, పొయ్యి, నా అబద్ధం, తాత చెయ్యి, అన్నీ. "ఆ పచ్చ గుడ్డ మా ఇంటిది. ఖాలమ్మకు ఇచ్చింది నేను. దర్జీ చిచ్చా ఎవ్వలకు యూనిఫారం కుట్టలే. ఇగ మీదట ఎవలన్న గా మాట అంటే, నా ముంగట అనుండ్రి" అన్నాను. హోటలాయన స్టవ్ మంట తగ్గించాడు. మా పెద్దనాయన కొడుకు ఒకడు చాయ్ వదిలేసి లేచి బయటికి పోయాడు. పోనిచ్చాను.

తర్వాత ఆ అబ్బాయి వైపు తిరిగాను. వాడి ముఖంలో కోపం ఉందో ఇంకేం ఉందో నాకు తెలియలేదు, అయినా ఈసారి నేల చూడలేదు.

"మీ తాత ఏ తప్పు చెయ్యలే బేటా. తప్పు నాది. ఇన్నేండ్లు చెప్పకపోవుడు గూడ నాదే. నన్ను మాఫ్ చెయ్యి."