గొర్రెపిల్ల కథకు నలభై మూడు ఆమేన్‌లు

మా బడిలో ఆయాగా పనిచేసే యేసుమణి చదివింది ఏడో తరగతి. నేను తెలుగు ఎం.ఏ. పైగా పందొమ్మిదేళ్లుగా బడి గ్రంథాలయానికి ఇన్‌చార్జిని. మా ఇద్దరిలో గ్రంథాలయం అంటే ఏమిటో తెలిసింది ఎవరికో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నా పరువు తక్కువ సంగతి కాబట్టి కలం పట్టడానికి ఇన్నాళ్లు పట్టింది.

కొమరోలు నుంచి లోపలికి వచ్చే బస్సుకు మా ఊరే ఆఖరు. ఊళ్లో సగం మంది కూలికి పోయేవాళ్లు. బడిలో మూడు బీరువాల పుస్తకాలున్నాయి. వాటికి తాళం, ఆ తాళానికి నేను. పుస్తకం పోతే సంజాయిషీ ఇచ్చుకోవలసింది ఇన్‌చార్జి. పోకుండా ఉండాలంటే ఒకటే ఉపాయం, ఎవరికీ ఇవ్వకపోవడం. పిల్లలు అడిగితే "పరీక్షలు కానీండిరా" అనేవాణ్ణి. పరీక్షలయ్యాక ఎలాగూ సెలవులే. అలా ఒక్క పుస్తకం కూడా పోగొట్టని మనిషిగా నాకు మంచి పేరుండేది.

యేసుమణి మాత్రం మధ్యాహ్నం పూట బీరువాలు దులుపుతానని తాళంచెవి అడిగి తీసుకునేది. దులపడం కాసేపు, నిలబడి చదవడం చాలాసేపు. నేను చూసీ చూడనట్టు ఊరుకునేవాణ్ణి. నా ఔదార్యం అంతవరకే.

కిందటి జూన్‌లో మార్కాపురం నుంచి ఒక అధికారి వచ్చి ఇష్యూ రిజిస్టరు తెరిచారు. మడత నలగలేదు. "ఎవరూ చదవని పుస్తకాలకు గదెందుకండీ? నవంబరులో మళ్లీ వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే పుస్తకాలు ఇంకో బడికి పంపించి, ఇందులో మధ్యాహ్న భోజనం బియ్యం పెట్టుకోండి" అన్నారు. పోతూ పోతూ, సోషల్ మీడియాలో గ్రంథాలయానికి కాస్త ప్రచారం చెయ్యమని కూడా చెప్పారు.

నిజం చెప్పొద్దూ, బరువు దిగుతుందని నాకు లోపల హాయిగానే ఉంది. గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని నిలబడ్డ యేసుమణి ముఖం చూశాక ఆ హాయి నిలవలేదు.

"ఈ గది పోతే నా చదువు మళ్లా ఆగిపోయినట్టే సారూ. చిన్నప్పుడు మా నాయన మాన్పించినాడు. ఇప్పుడు మీరు మాన్పిస్తారా?" అంది.

ఆ మాట పడలేక ఫేస్‌బుక్‌లో పేజీ తెరిచాను. మూడు బీరువాలకూ ఫొటో తీసి, పుస్తకం గొప్పతనం గురించి గ్రాంథికం కలిపి బారెడు రాసి పెట్టాను. వారం తిరిగేసరికి నాలుగు లైకులు వచ్చాయి. ఒకటి నాది, ఒకటి మా ఆవిడది.

యేసుమణి నా ఫోనులో అది చూసింది. "దుకాణం తలుపులు మూసి బేరానికి రమ్మన్నట్టుంది సారూ. నాకొక పుస్తకం ఇయ్యండి, చదివి వాట్సాప్‌లో పెడతా" అంది. ఇచ్చాను. చేతులు కడుక్కుని పట్టుకోమని కూడా చెప్పాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇక్కడ ఆమె గురించి ఒక సంగతి చెప్పాలి. వాళ్ల సంఘంలో ఆదివారం వాక్యం వివరించేది పాస్టరు సత్యానందం గారు, చదివేది యేసుమణి. చదువురాని వాళ్లకు ఆమె గొంతే బైబిలు. రోజూ తెల్లవారగానే ఆ రోజు వాక్యం చదివి ప్రార్థన గ్రూపులో వాయిస్ పెడుతుంది. కూలికి పోయే తొందరలో ఉన్నవాళ్లు ముందు ఆమేన్ కొట్టేసి, దారిలో తీరిగ్గా వింటారు.

ఆ ఉదయం ఆమె రెండు వాయిస్‌లు చేసింది. ఒకటి వాక్యం. రెండోది పిల్లల తల్లిదండ్రుల గ్రూపులో పెట్టాల్సిన కథ. చిట్టి అనే పిల్ల తప్పిపోయిన గొర్రెపిల్లను వెతుక్కుంటూ అడవిలోకి పోతుంది. ఒక గుహ ముందు దాని మెడలోని గంట దొరుకుతుంది. లోపల్నించి ఏదో గుర్రుమంటుంది. యేసుమణి కథ అక్కడికి ఆపేసింది. పొయ్యి మీద అన్నం చూసుకునే హడావిడిలో రెండూ ప్రార్థన గ్రూపులోనే వేసేసింది. తప్పిపోయిన గొర్రె అనేసరికి ఇంకేముంది, నలభై మూడు ఆమేన్‌లు. తీసేద్దామని ఆమె చూసేసరికి పాస్టరు గారు కూడా ఆమేన్ అనేశారు.

బడికొచ్చి భయపడుతూ చెప్పింది. నేను కడుపుబ్బ నవ్వాను. మధ్యాహ్నానికి ఆ నవ్వు ఆగిపోయింది. కలుపు తీసే చేలోంచి దీనమ్మ అనే పెద్దామె నేరుగా బడి గేటు దగ్గరికి వచ్చింది. డెబ్బై ఏళ్లుంటాయి, అక్షరం ముక్క రాదు.

"మణీ, ఆ పిల్ల బతికిందా లేదా? పాస్టరయ్యను అడిగితే ఏ సువార్తలోదో తెలీదంటాడు. చేలో అందరం అదే మాట్లాడుకుంటా ఉండాం."

"అది సువార్త కాదు పెద్దమ్మా, బడి బీరువాలోది. మిగతాది నేను చెప్పను. మీ రమ్య చేత చదివించుకో, సారు పుస్తకం ఇస్తారు."

రమ్య ఆమె మనవరాలు, మా బడిలోనే ఎనిమిదో తరగతి. ఆ పిల్లను పిలిచి, పందొమ్మిదేళ్లలో మొదటిసారి బడి పిల్లకు మనసు చంపుకుని పుస్తకం ఇచ్చాను.

ఇక రోజూ ఒక కథ. సరిగ్గా వినేవాళ్ల ప్రాణం గొంతులోకి వచ్చే చోట ఆపేది. "వాక్యం ముందు, కథ వెనక" అని పాస్టరు గారు కూడా ఒప్పుకున్నారు. కూలీలను చేలకు తీసుకుపోయే జిలాని తన ఆటో స్పీకర్లో కథ పెట్టేవాడు. ఏ రోజైనా ఆలస్యమైతే గేటు దగ్గర ఆటో ఆపి, "ఏందక్కా, ఇయ్యాల కథ రాలా?" అని అరిచేవాడు. ఇళ్లల్లో పెద్దవాళ్లు పోరుపెడితే పిల్లలు పుస్తకాలకు వరస కట్టారు. రాసుకున్న ప్రతి పేరుకూ నా గుండె ఒకసారి జారేది.

నవంబరులో అధికారి వచ్చారు. బీరువాలు తెరిచాను. మూడూ ఖాళీ.

"పుస్తకాలేవండీ?"

"ఇళ్లల్లో ఉన్నాయి సార్" అని రిజిస్టరు చూపించాను.

ఆయన నాలుగు పేజీలు తిప్పారు. "ఇలాంటివి కూర్చుంటే ఒక పూటలో రాయొచ్చు రంగనాయకులు గారూ. పుస్తకాలే లేనప్పుడు గది ఖాళీ చెయ్యడం ఇంకా సులువు" అన్నారు. ఇన్నేళ్లూ ఇవ్వకుండా కాపాడిన గదిని, తీరా ఇచ్చాక పోగొట్టుకుంటున్నాను.

యేసుమణి అక్కడే నిలబడి ఫోను తీసి గ్రూపులో వాయిస్ పెట్టింది. వాక్యం చదివేటప్పుడు ఎన్నడూ తొణకని గొంతు వణికింది. "అందరికీ వందనాలు. ఎవురింట్లో బడి పుస్తకం ఉంటే వాళ్లు తెచ్చి మార్కాపురం సారుకు చూపియ్యండి. లేకుంటే గది పోతాది."

పత్తి తీసే రోజులు. కూలి మానుకుని ఎవరొస్తారు? అధికారి టీ తాగారు. రెండుసార్లు గడియారం చూసుకున్నారు. అప్పుడు జిలాని ఆటో వచ్చి ఆగింది. పట్టనంత మంది దిగారు. వెనకాల నడిచి వచ్చేవాళ్లు, మోటారు సైకిళ్ల మీద వచ్చేవాళ్లు. జుట్టులో పత్తి దూదితోనే వచ్చేశారు. కండువాలో చుట్టి ఒకరు, అన్నం క్యారియరు సంచిలో పెట్టుకుని ఒకరు, రొమ్ముకు హత్తుకుని ఒకరు. గది నిండి వరండా నిండింది. అట్టలు నలిగాయి, అంచుల మీద పసుపు వేలిముద్రలు పడ్డాయి. నేను కాపాడిన పుస్తకాలను నేనే గుర్తుపట్టలేకపోయాను.

అధికారి దీనమ్మ వైపు చెయ్యి చాపారు. "ఇవ్వమ్మా, బీరువాలో పెడదాం."

ఆమె పుస్తకం వీపు వెనక్కి దాచుకుంది. "తెచ్చి చూపియ్యమంటే తెచ్చినాం నాయనా. ఇచ్చేసి పొమ్మనలా. ఇంకా పదాకులుండాయి."

"చదవడం వచ్చా నీకు?"

"నాకేడొస్తాది! మా రమ్య చదువుతాది, ఇంటిల్లిపాదీ వింటాం."

ఆ వచ్చిన వాళ్లలో ఒక్కరంటే ఒక్కరు పుస్తకం బీరువాలో పెట్టలేదు. చూపించారు, మళ్లీ జాగ్రత్తగా చుట్టుకుని చేలకు వెళ్లిపోయారు. అధికారి కుర్చీలోంచి ఎప్పుడు లేచారో నేను చూడలేదు, అందరూ పోయేదాకా నిలబడే ఉన్నారు. "ఈ గది జోలికి ఇక ఎవరూ రారు. రాసిచ్చి పోతాను" అన్నారు.

యేసుమణి గోడకు ఆనుకుని కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. పందొమ్మిదేళ్లుగా ఇటు రా, అటు తుడువు అని పేరు పెట్టి పిలిచిన మనిషి. ఆ రోజు ఆ పేరు నోట రాలేదు. "అమ్మా" అన్నాను.

"ఏంది సారూ, ఇయ్యాల కొత్తగా?" అంది.

బీరువాల తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాను.