ఆఖరి రీలుకి ముందు ఆగే ఆపరేటరు

మా ఊరి సినిమా హాల్లో ఆపరేటరుగా పనిచేసిన బాబాయి మొన్న గురువారం పొద్దున్న పోయారు. పళ్ళు తోముకుంటూ పెరట్లో నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోయారు. గుండె ఆగిపోయిందన్నారు. ఆయన నాకు సొంత బాబాయి కాదు, మా పక్కింటివారు. బుధవారం సాయంత్రం గోడ అవతలి నుంచి నాతో మాట్లాడారు. ‘పోయారు’ అని రాస్తుంటే నేనేదో అబద్ధం రాస్తున్నట్టుంది.

ఇది ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. బాబాయికి ఒక స్నేహితుడుండేవారు. పద్దెనిమిదిన పెద్దకర్మ. ఆలోగా ఆయనకి ఈ కబురు చేరాలి. ఎక్కడున్నారో మాకెవరికీ తెలియదు. ఇది చదివినవారిలో ఒక్కరైనా ఆయన్ని ఎరిగి ఉంటారని ఆశ. పేర్లు మాత్రం రాయొద్దంది పిన్ని, అంటే బాబాయి భార్య. “చదివితే ఆయనకే తెలుస్తుందే. ఊరందరికీ ఎందుకు?” అంది.

మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేను. అమ్మ నాట్లకీ కోతలకీ వెళ్ళేది. ఏ కొత్త బొమ్మ వచ్చినా పిన్నితో కలిసి మ్యాట్నీకి పోవడం ఒక్కటే ఆవిడ సరదా. ఆడవాళ్ళ వైపు బెంచీ మీద కూర్చుని, తెర మీద పడే పేర్లు కూడబలుక్కుని అమ్మ చెవిలో చదివేదాన్ని. పిన్ని చెప్పినట్టుంది, ఒకసారి ఇంటర్వెల్లో బాబాయి మెట్లు దిగొచ్చారు.

“చెవిలో చదువుతున్నావంట, ఏంటమ్మా ఆ రహస్యం? గట్టిగా చదువు. అక్షరం రానిది మీ అమ్మకొక్కదానికేనా?”

ఆ తర్వాత గట్టిగానే చదివేదాన్ని. వెనక బెంచీలోంచి “మాటలు ఎవరే?” “పాటలు ఎవరే?” అని అడిగేవారు. పేర్లు పడుతున్నంతసేపూ బాబాయి సౌండు కాస్త తగ్గించేవారు. ఎవరు చెప్పారని కాదు, ఆయనకే తోచింది. నేను పదో తరగతి పాసయ్యాక నాన్న ఇక చాలన్నప్పుడు కూడా ఆయనే వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. “ఇంటర్వెల్లోనే లేచిపోతే ఎలాగన్నయ్యా? అసలు కథ ఆ తర్వాతే కదా” అన్నారు. నాన్నకి నవ్వొచ్చింది. ఈ రోజు నేను బడిలో పాఠం చెబుతున్నానంటే ఆ నవ్వు వల్లే.

ఆ స్నేహితుడి సంగతి చెప్పాలి. కాలవ అవతలి ఊళ్ళోనూ ఒక హాలుండేది. రెండు హాళ్ళకీ కలిపి ఒకే ప్రింటు తెచ్చేవారు. అక్కడ ఆట గంట ముందు మొదలయ్యేది. అక్కడ ఆడిన రీళ్ళని ఆడినట్టే డబ్బాల్లో పెట్టి, సైకిలు మీద మా హాలుకి చేర్చడం ఆయన పని. పొడుగాటి మనిషి. కుడికాలు కొంచెం ఈడుస్తూ నడుస్తారు, సైకిలెక్కితే మాత్రం ఎవరికీ చిక్కరు. బాబాయీ ఆయనా చిన్నప్పటి నుంచీ ఒకే కంచంలో తిన్నవాళ్ళని పిన్ని అంటుంది.

నేను అయిదో తరగతిలో ఉండగా ఒక పాత సినిమా మళ్ళీ వచ్చింది. ఇద్దరు స్నేహితులు, ఇద్దరి మనసులోనూ ఒకే అమ్మాయి. ఒకడు తన మాట దాచుకుని పక్కకి తప్పుకుంటాడు. అది తెలియక రెండోవాడు అతన్ని నానా మాటలూ అంటాడు. చివరికి నిజం తెలిసి ఇద్దరూ ఒక్కటవుతారు, పెళ్ళి జరుగుతుంది. ఆ మ్యాట్నీకి హాలు నిండిపోయింది. బయట కుండపోత వాన. రెండు రీళ్ళు మిగిలి ఉండగా బొమ్మ ఆగింది. డబ్బాలు రాలేదు.

కాలవ గట్టు మీదకి నీళ్ళొచ్చేశాయట. సైకిలు కదలక, అటుగా పోతున్న ట్రాక్టరులో ఒక డబ్బా ఎవరి ఒళ్ళోనో పెట్టి పంపించారాయన. ఎక్కడానికి చోటు లేక, రెండోది నెత్తిన పెట్టుకుని నడక మొదలెట్టారు. వానలో ఏ డబ్బా ఏదో చూసుకోలేదు. ముందొచ్చింది ఆఖరి రీలు. “ఆయన వెనకాలే నడిచొస్తున్నాడండీ” అని ట్రాక్టరతను చెప్పాడు కూడా. కానీ హాల్లో ఈలలు, కేకలు. కుర్చీలు విరుగుతున్నాయి. బాబాయి కాసేపు చూసి, ఉన్న రీలు వేసేశారు. స్నేహితులు ఒక్కటయ్యారు, పెళ్ళయిపోయింది, శుభం పడింది. జనం చప్పట్లు కొట్టారు.

అప్పుడొచ్చారాయన, ఛాతీ దాకా తడిసి, నెత్తిన డబ్బాతో. “అదీ వేసెయ్యండి!” అని అరిచారందరూ. వేశారు. శుభం తర్వాత స్నేహితులిద్దరూ కొట్టుకున్నారు.

“ఇదేంటే, పెళ్ళయ్యాక దెబ్బలాటేంటి?” అంది అమ్మ.

“పెళ్ళయ్యాకే కదటే దెబ్బలాటలు!” అంది వెనకావిడ. హాలంతా గొల్లున నవ్వింది.

ఆడవాళ్ళం బయటికొచ్చే దారి, బాబాయి గదికి ఎక్కే మెట్లు పక్కపక్కనే. రీలు తెచ్చినాయన కింది మెట్టు మీద కూర్చుని లుంగీ పిండుకుంటుంటే, బాబాయి పైనుంచి దిగొచ్చారు.

“వస్తానని తెలుసు కదరా. కాసేపు ఆగలేకపోయావా?”

“కుర్చీలు విరగ్గొడుతున్నార్రా...”

“విరగనీ.”

ఆ ఒక్క మాటే. లేచి వెళ్ళిపోయారు. మర్నాడు డబ్బాలు వేరే మనిషి తెచ్చాడు. తర్వాత కొన్నాళ్ళకి ఆయన ఊరే వదిలి వెళ్ళారని తెలిసింది. బాబాయి వెతకలేదు. “కోపం తగ్గాక వాడే వస్తాడులే” అనేవారు. కానీ ఆ తర్వాత ఏ సినిమా ఆడినా, రీళ్ళన్నీ గదిలోనే ఉన్నా సరే, ఆఖరి రీలు పెట్టే ముందు తలుపు తీసుకుని మెట్ల మీదకొచ్చి రోడ్డు వైపు చూసేవారు. జనం ఈలలు వేసినా, ఓనరు కసిరినా మానలేదు. పైఊరి వాళ్ళు మిషను పాడయిందనుకునేవారు. మా ఊరివాళ్ళకి అలవాటైపోయింది.

పోయిన వారం ఎవరో చెప్పారు, ఆయన్ని తణుకులో చెరకు బళ్ళ దగ్గర చూశామని. బుధవారం సాయంత్రం బాబాయి గోడ మీంచి పిలిచారు. “ఆదివారం నువ్వు కూడా రా అమ్మా. నన్నొక్కణ్ణే చూస్తే మొహం తిప్పేసుకుంటాడు” అన్నారు. సరేనన్నాను. అప్పుడే పిన్ని ఆదివారానికని ఇస్త్రీ చొక్కా తీసి కొక్కేనికి తగిలించింది. మర్నాడు ఆ చొక్కాతోనే ఆయన్ని సాగనంపాం. చితి మంట ఆరినా నాకు ఏడుపు రాలేదు. ఆదివారం బస్సు ఎన్నింటికో బాబాయికి చెప్పాలి కదా అనే ఆలోచనే తిరుగుతోంది.

ఆదివారం నేనొక్కదాన్నే తణుకు వెళ్ళాను. బళ్ళ దగ్గర ఒక పెద్దాయన, “ఆయ్, కాలు ఈడ్చుకుంటా నడిచేవోరేనా అండి? ఉండేవోరండి. ఈమధ్యే మొగల్తూరు వైపు రొయ్యల చెరువుల మీదకి ఎళ్ళారండి” అన్నారు. ఆ వైపు ఎన్ని చెరువులో మీకు తెలుసు.

ఆయనకి ఏం రాయమంటావని పిన్నిని అడిగాను. చేతిలోని చేట పక్కన పెట్టింది. తర్వాత అంది, “మీ బాబాయి ఆ ఒక్కసారే ఆగలేదనీ, ఆ తర్వాత అన్నిసార్లూ ఆగారనీ రాయి. ఇంకా కోపముంటే వచ్చి తిట్టమను. వినడానికి నేనున్నాను.”

అదే రాశాను. ఆయన్ని ఎరిగినవారు దయచేసి ఇది చదివి వినిపించండి. మా హాలు ఫోను నంబరు ఈ పత్రిక ఆఫీసులో ఇచ్చాను. పదహారో తారీఖు సాయంత్రంలోగా, వస్తారనో రారనో, ఒక్క మాట చెప్పండి.